పెరియమేట్‌లో ఒక జత బూట్లు

చెన్నై సెంట్రల్ స్టేషన్ బయట ఆటో అతను పెరియమేట్‌కి 150 అన్నాడు. పక్కనే ఉన్న పెరియమేట్‌కి! నెల్లూరు నుంచి నేనొచ్చిన జనరల్ టికెట్టే అంత లేదు. ఒళ్ళు మండి, ఎండలో నడక మొదలుపెట్టాను. భుజాన సంచిలో చచ్చిపోయిన నా పాత బూట్లు.

అవి జనవరిలో నాగలాపురం కొండల్లో చచ్చాయి. మడుగు దాటి బండలెక్కుతుంటే కుడి బూటు అడుగు ఊడి వేలాడింది. పది నిమిషాలకి ఎడమది. తువ్వాలు చించి కట్టుకుని, కుంటుకుంటూ కిందికి దిగాను. ఆన్‌లైన్లో 4,800 పోసి కొన్నవి. మూడేళ్ళలో వేసుకున్నది గట్టిగా ఐదుసార్లు. మిగతా కాలమంతా బీరువాలో భద్రంగా దాచాను.

తోలు దుకాణాల వరసలో గొడుగు కింద ఒక పెద్దాయన చెప్పులు కుడుతున్నాడు. బూట్లు చూపించి నాకొచ్చిన తమిళంలో ఏదో అన్నాను.

"తెలుగులోనే చెప్పండి సార్. నెల్లూరా?"

అడుగు భాగాన్ని ఆయన బొటనవేలితో నొక్కాడు. సున్నుండలా పొడైంది. "ఇది కుట్టడానికి లేదు సార్. ఈ రకం నురగ సోలు గాల్లో తేమ పీల్చుకోని లోపల్లోపలే చెడిపోతాది. వాడినా అంతే, వాడకపోయినా అంతే." అంటే నేను బీరువాలో దాచింది దండగే. పైగా మాది సముద్రపు గాలి తగిలే ఊరు.

కొత్తవి కొనాలన్నాను. ఆయన సూది పక్కన పెట్టాడు. బేరం చెడినందుకు విసుక్కుంటాడనుకుంటే, ఆయనకే హుషారొచ్చింది. కోసిన అంచు చూడమన్నాడు. మంచి తోలైతే పోగులు ఒత్తుగా ఉంటాయట, చీలిక తోలుకి, అంటే తోలుని పొరలుగా చీల్చగా మిగిలిన అడుగు పొరకి, రంగు పూత పూసి ఉంటే పైన ప్లాస్టిక్ పొర విడిగా తెలుస్తుందట. మడిస్తే సన్నటి ముడతలు పడాలి, పూత పగలకూడదు. సోలు చుట్టూ కుట్టు ఉందని మోసపోవద్దన్నాడు. కొన్నిటికి అది అందానికే, కింద జిగురే పట్టుకుని ఉంటుంది. నిజంగా కుట్టినదైతే అరిగాక సోలు మార్పించుకోవచ్చు. "మా నాయన తంగేడు చెక్కతో తోళ్ళు పదును చేసేవాడు. ఇప్పుడు బూటు తోలంతా క్రోమ్ ఉప్పుతో పదును చేసిందే సార్. నీళ్ళకి అదే కొంచెం ఆగుతాది లెండి."

డబ్బులిస్తే తీసుకోలేదు. టీ మాత్రం తాగాడు.

తోలు మీద పరిశోధనకని 1948లోనే ఈ చెన్నైలోనే, అడయార్‌లో సంస్థ పెట్టారు. తోలు పనికి పేరుపడ్డ ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట సరుకుకి ఈ వీధి అడ్డా. రైలెక్కితే మూడు గంటల్లో ఇక్కడ దిగే నేను, తెర మీద బొమ్మ చూసి బూట్లు కొన్నాను.

మొదటి దుకాణంలో కుర్రాడు తోలు ముక్కకి లైటర్ వెలిగించి, కాలడం లేదు చూడండన్నాడు. అది తోలేనని తెలుస్తుంది సరే, ఏ తోలో ఎలా తెలుస్తుంది? రెండో దుకాణంలో అంచు బాగుంది, లేసుల కింది నాలుక రెండు పక్కలా పైదాకా కుట్టి ఉంది. ఇసక, ముళ్ళు లోపలికి దూరవు. నాకు కావలసింది అదే. మడుగుల్లో దిగే నడకకి తోలు మంచిది కాదు, తడిస్తే ఓ పట్టాన ఆరదు. నేను ఎక్కువగా తిరిగేది వెలిగొండల్లో. అక్కడ నీళ్ళకంటే ముళ్ళకంపే ఎక్కువ.

నా సైజు 8. ఎండలో నడిచొచ్చిన పాదాలు ఉబ్బి ఉన్నాయి. బూట్లు కొనడానికి అదే సరైన సమయం కాబట్టి ఆటో అతను నాకు మేలే చేశాడు. మందపాటి సాక్సు తొడుక్కుని, దుకాణంలో గోడౌన్‌కి వెళ్ళే ఇనప మెట్లెక్కి ధబధబా దిగాను. బొటనవేలు ముందు తగిలింది. 9 వేసుకుని మళ్ళీ దిగాను. తగల్లేదు. మడమ లేస్తోందేమోనని మూడోసారి. పనివాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. యజమాని 4,200 అన్నాడు, 3,600కి దిగాడు. ఇంకో వంద తగ్గించేవాడేమో, ఆ మెట్ల తమాషా వల్ల నాకే మొహమాటమేసింది.

జత కిలోన్నర పైనే ఉంటుంది. మా తాత కొత్త కిర్రు చెప్పులకి ఆముదం పట్టించి, రోజూ కాసేపు ఇంటి చుట్టూ తిరిగేవాడు. చెప్పు కరవడం ఆపేదాకా పొలానికి వేసుకెళ్ళేవాడు కాదు. నాకంత ఓపికెక్కడిది? అక్కడే తొడుక్కుని బయల్దేరాను. స్టేషన్ చేరేసరికే ఎడమ మడమని కరిచింది.

సాయంత్రం బండిలో నిలబడటానికే చోటు లేదు. గుమ్మిడిపూండి దాటాక, కింద కూర్చున్న ఒకాయన నా బూట్ల వంక చూసి, తర్వాత మొహం వంక చూసి, పక్కకి జరిగి చోటిచ్చాడు.

"పోలీసా సార్?"

మడమ మంటగా ఉంది. కాదని చెప్పకుండా కూర్చున్నాను.