డిశ్చార్జి అయిన రోజు సాయంత్రం ఎక్కడికి పోవాలి?

మా అన్న తాగుడు ఆపలేని మనిషి కాదు. ప్రతి యేడూ అయ్యప్ప మాల వేసుకునేవాడు, 41 రోజులు చుక్క ముట్టేవాడు కాదు. శబరిమల పోయొచ్చి మాల తీసిన రాత్రే దోస్తులు దావత్ పెట్టేవాళ్ళు. మళ్ళీ మామూలే. ఆపించడానికి మా వదిన పడ్డ కష్టం ఒక ఎత్తు, ఆపినంక పొద్దుగూకితే ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది ఇంకో ఎత్తు.

నాది నల్లగొండ ప్రకాశం బజార్ దిక్కు కుట్టు దుకాణం. జాకెట్ కొలతలిస్తూ ఆడవాళ్ళు చెప్పుకునే మాటల్లో సగం ఇదే బాధ. అందుకే రాస్తున్నాను. అన్నకు చదివి వినిపించి, సరే అన్నాకే పెడుతున్నాను.

పోయినేడు మాల వేసుకున్న మూడో రోజు చేతులు వణకడం మొదలైంది. చాయ్ గ్లాసు నోటిదాకా పోకముందే సగం ఒలికింది. రాత్రయ్యేసరికి గోడ మీద చీమలు పాకుతున్నాయని అరచేత్తో తుడుస్తూ కూర్చున్నాడు. గోడ మీద ఒక్క చీమ లేదు. దీక్షలో ఏదో తప్పు జరిగిందని వదిన దండం పెట్టుకుంటుంటే, ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయాం. ఏండ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఇట్లా అవుతుందని, ఫిట్స్ రావచ్చని, ప్రాణం మీదికి కూడా వస్తుందని డాక్టర్ చెప్పాడు. వణుకు తగ్గే మందులిచ్చారు, బీ1 విటమిన్ ఎక్కించారు. కాబట్టి అక్కలారా, బాగా తాగే మనిషిని ఇంట్లో గదిలో పెట్టి మాన్పించాలని చూడకండి. ముందు డాక్టర్ దగ్గరికే పోవాలి.

మహబూబ్‌నగర్ దిక్కు మా చుట్టాలకు ఇంకో మాట చెప్పాలి. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. "కల్లే కదా" అని ఒక్కసారిగా ఆపించినా వణుకు, ఫిట్స్, పిచ్చిపిచ్చిగా మాట్లాడడం ఉంటాయి. తాగేది కల్లు అని డాక్టర్‌కు విడమరిచి చెప్పండి. ఇక చెప్పకుండా కూరలో తాగుడు మాన్పించే మాత్రలు కలిపి పెట్టడం మాత్రం వద్దే వద్దు. ఆ మాత్ర కడుపులో ఉండగా మందు తాగితే బీపీ పడిపోయి మనిషే పోవచ్చు.

అన్న మంచం మీద ఉండగానే నేను వెతకడం మొదలుపెట్టాను. బెల్టు షాపు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. తాగుడు మానినవాళ్ళు ఎక్కడ కలుస్తారని అడిగితే "ఎవరికమ్మా?" అని ఎదురు ప్రశ్న. 14446కి ఫోన్ చేశాను, మత్తు అలవాట్ల కోసం సర్కారు పెట్టిన ఉచిత నంబరు అది. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళతో మాట్లాడాను, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చునే సంఘం అది. అందరూ ఏఏ అంటారు. ఫోనెత్తిన పెద్దమనిషి ఊరు, కులం, ఉద్యోగం ఏదీ అడగలేదు. "ఆయనకు మానాలని ఉందా తల్లీ?" అన్నాడు. వాళ్ళలో చేరడానికి అదొక్కటే అర్హతట. ఫీజు లేదు. మా దిక్కు నుంచి ఆదివారాలు సిటీ మీటింగ్‌కు వచ్చేటాయన ఒకరున్నారని, అడిగి పంపిస్తానని చెప్పాడు.

ఆయన మర్నాడే బండి మీద వచ్చాడు. తాగొద్దని ఒక్క మాట అనలేదు. మంచం పక్కన కూర్చుని, "నేను క్వార్టర్ సీసా వడ్ల బస్తాల దాచేటోన్ని. నువ్వేడ దాచేటోనివి తమ్మీ?" అని అడిగాడు. అన్న కాసేపు ఆగి, "నీళ్ళ ట్యాంకుల" అన్నాడు. ఇన్నేండ్ల కాపురంలో వదిన ఆ సంగతి వినడం అదే మొదలు. మేం ఎంత ఏడ్చినా రాని మాట, తాగి మానిన మనిషి అడిగితే వచ్చింది.

ఏఏ మొదలైంది కూడా ఇట్లాగేనట. 1935లో అమెరికాలో ఏక్రన్ అనే ఊళ్ళో బిల్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ అనే డాక్టర్, ఇద్దరూ తాగుబోతులే, ఒకరికొకరు ఆసరా అయ్యారు. ఇద్దరు ముగ్గురు మానాలనుకునేవాళ్ళు కూడితే అదే ఒక గ్రూపు అంటారు వాళ్ళు. దవాఖాన నుంచి ఇంటికొచ్చిన సాయంత్రమే ఆయనా మా అన్నా చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చున్నారు. మా ఊళ్ళో మీటింగ్ అంటే మొదట అంతే. ఇప్పుడు గురువారం గురువారం ఒక గది దొరికింది. అదెక్కడో ఇక్కడ రాయను, అక్కడ ఎవరి పేరూ బయటికి రాకూడదన్నది కట్టుబాటు. చాయ్ ఖర్చుకు తోచింది వేస్తారు. మానడానికి వాళ్ళు పాటించే 12 మెట్లలో దేవుడి మాట ఉంది, కానీ ఎవరికి తెలిసిన దేవుడు వాళ్ళకే. అన్న అయ్యప్పను తలుచుకుంటాడు, పక్కనాయన అల్లాను.

ఇంట్లోవాళ్ళకు వేరే ఉంది, అల్-అనాన్ అంటారు, 1951లో మొదలైంది. "తాగింది ఆయన, నాకెందుకు?" అంది వదిన. ఆమెకు నిద్ర పట్టదు, గేటు చప్పుడైతే ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. అన్నకు గ్రూపు దొరికింది, ఆమెకు ఇక్కడ ఏమీ లేదు. అందుకని గురువారం అన్న మీటింగ్‌లో ఉన్న టైముకు మేమిద్దరం నా దుకాణంలోనే కూర్చుంటున్నాం. ఇంకొందరు వస్తే అల్-అనాన్ వాళ్ళను అడిగి పద్ధతిగా మొదలుపెట్టాలని ఉంది. మీ ఇంట్లో మనిషి దవాఖానలో ఉంటే డిశ్చార్జి దాకా ఆగకుండా ముందే రండి, అన్నకూ ఆయనకూ చెప్పి మంచం దగ్గరికే పంపిస్తాను.