పేరు పెట్టి ఒప్పుకోవడం: పన్నెండు స్టెప్స్‌తో నా అనుభవం

తాగుడు మానాలనుకునే వాళ్ల కోసం పుట్టిన పన్నెండు స్టెప్స్‌ను, జీవితంలో ఒక్క చుక్క ముట్టని నేను నా భక్తి జీవితంలోకి తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకోవాల్సి వచ్చిందో, ఏం చేశానో, ఎక్కడ కష్టమైందో రాస్తున్నాను. చర్చిలోనే పుట్టి పెరిగి, వాక్యం తెలిసి, రోజూ మోకరించి, అయినా ఏళ్ల తరబడి ఒకే కోపం దగ్గరే ఆగిపోయినవాళ్లకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

మాది గుంటూరు. తాతల కాలం నుంచి లూథరన్ కుటుంబం. మా తమ్ముడి తాగుడు మాన్పించాలని మేం చేయనిది లేదు. ఉపవాస ప్రార్థనలు పెట్టించాం, తలకు నూనె రాయించాం, బైబిలు మీద ప్రమాణం చేయించాం. ప్రమాణం చేసిన ప్రతిసారీ వాడు మనస్ఫూర్తిగానే చేశాడు. అది ఇప్పుడు నాకు తెలుసు. చివరికి ఆసుపత్రిలో చేర్చాం. ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. ఏళ్ల తరబడి బాగా తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ప్రార్థన తప్పకుండా చేయండి, కానీ ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఆసుపత్రి నుంచి వచ్చాక తమ్ముడు ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు వెళ్లడం మొదలుపెట్టాడు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే సహవాసం అది. ఈ పన్నెండు స్టెప్స్ వాళ్లవే. తాగేవాళ్ల ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అని వేరే మీటింగు ఉంటుంది. వాడికి ఎలా సాయం చేయాలో నేర్చుకుందామని నేను అక్కడికి వెళ్లాను. అప్పుడప్పుడు అందరినీ రానిచ్చే ఓపెన్ మీటింగులు కూడా పెడతారు. అలాంటి ఒక మీటింగులో, ఎన్నో ఏళ్లుగా తాగని ఒక పెద్దాయన లేచి, తన పేరు చెప్పి, “నేను తాగుబోతుని” అన్నాడు. “తాగుబోతునుగా ఉండేవాణ్ణి” అనలేదు. ఆ వారం కొడుకు మీద వచ్చిన కోపం, బ్రాందీ షాపు ముందు కాళ్లు నెమ్మదించడం, వెంటనే స్పాన్సర్‌కి, అంటే తనను స్టెప్స్‌లో నడిపించే అనుభవమున్న సభ్యుడికి, ఫోన్ చేయడం, అన్నీ చెప్పి కూర్చున్నాడు. ఎవరూ సలహా ఇవ్వలేదు. ఎవరూ ముఖం చిట్లించలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా కూటాల్లో సాక్ష్యం చెప్పడం నాకు కొత్త కాదు. కానీ మన సాక్ష్యాలన్నీ జరిగిపోయిన వాటి గురించే. “ఒకప్పుడు ఇలా ఉండేదాన్ని, ప్రభువు విడిపించాడు.” గెలిచాక చెబుతాం. ఓడిపోతున్నప్పుడు చెప్పం. ఈ వారం ఓడిపోయాను అని చెప్పుకునే చోటు మన సంఘంలో నాకు ఎక్కడా కనిపించలేదు. ప్రతి ఆదివారం ఆరాధన క్రమంలో అందరం కలిసి పాపపు ఒప్పుకోలు చదువుతాం. అందరం పాపులమే అని వందమందిలో చెప్పడానికి ఏ ఇబ్బందీ లేదు. నిన్న సాయంత్రం ఫలానా మనిషితో ఈ మాట అన్నాను అని ఒక్క మనిషి ముందు చెప్పాలంటేనే నోరు రాదు.

నా సంగతికి వస్తే, నాకు సీసా లేదు గానీ పగ ఉంది. మా తోడికోడలి మీద. అత్తగారు మంచాన పడ్డాక చూసుకున్నది నేను. ఆవిడ పోయాక గాజుల జత వెళ్లింది మా తోడికోడలికి. బంగారం కోసం కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. క్షమించానని ప్రార్థనలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఆమె పేరు వినగానే మళ్లీ మొదటికి వచ్చేదాన్ని. మానాలని అనుకోవడం, మళ్లీ అదే చేయడం, మళ్లీ సిగ్గుపడి ఇంకా గట్టిగా ప్రార్థించడం. తమ్ముడిలో చూసినదే నాలోనూ ఉంది. “నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను” అని పౌలు రోమా సంఘానికి రాసింది ఎవరి గురించో అప్పుడు అర్థమైంది.

అల్-అనాన్‌లో నాకు స్పాన్సర్‌గా ఉండడానికి ఒప్పుకున్నది ఒక పెద్దావిడ. పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడ హిందువు, రోజూ దీపం పెట్టుకునే మనిషి. మా సంఘంలో ఒకరిద్దరికి ఇది నచ్చలేదు. కానీ ఆవిడ నన్ను నా ప్రభువు నుంచి ఒక్క అడుగు పక్కకు జరపలేదు. “నీ దేవుడెవరో నీకు తెలుసు కదమ్మా, ఆయన దగ్గరే నిజం చెప్పు, చాలు” అనేది.

ఈ స్టెప్స్ పుట్టుక గురించి చదివాక నా జంకు పూర్తిగా పోయింది. 1935లో అమెరికాలోని అక్రాన్ ఊళ్లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ కలుసుకోవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైంది. అంతకుముందు వాళ్లిద్దరూ ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సహవాసానికి వెళ్లేవాళ్లు. తన్ను తాను పరీక్షించుకోవడం, మరొకరి ముందు ఒప్పుకోవడం, చేసిన నష్టం సరిదిద్దడం, ఇతరులకు సాయపడడం అక్కడినుంచే వచ్చాయి. తొలి రోజుల్లో వాళ్లు ఎక్కువగా చదివింది కొండమీది ప్రసంగం, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం, యాకోబు పత్రిక. ఆ ఆక్స్‌ఫర్డ్ గ్రూపును మొదలుపెట్టిన ఫ్రాంక్ బుక్‌మన్ పెన్సిల్వేనియాకు చెందిన లూథరన్ పాస్టరు. 1842లో మన గుంటూరు వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యర్‌ను పంపింది కూడా పెన్సిల్వేనియా లూథరన్లే. అది చదివినప్పుడు పరాయి ఇంట్లో మన తాతగారి ఫోటో చూసినట్టు అనిపించింది.

మొదటి స్టెప్ చదవడానికి చిన్నది. మద్యం ముందు మేం అశక్తులం, మా జీవితాలు మా చేతుల్లో లేవు అని ఒప్పుకోవడం. మద్యం స్థానంలో నేను నా పగను పెట్టుకున్నాను. అంతవరకు నా ప్రార్థన ఎప్పుడూ “ప్రభువా, క్షమించే శక్తి ఇవ్వు” అనే. అందులో క్షమించేదాన్ని నేనే, ఆయన కాస్త చేయూత ఇస్తే చాలు. “నా వల్ల కాదు, నేను క్షమించలేదు, క్షమించాలని కూడా లేదు” అని మొదటిసారి చెప్పిన రోజున భయమేసింది. ఏడ్చాను. కానీ అది నేను చాలా ఏళ్ల తర్వాత చేసిన నిజమైన ప్రార్థన. రెండు, మూడు స్టెప్స్ విశ్వాసికి తెలిసినవే, దేవుణ్ణి నమ్మి ఆయనకు అప్పగించుకోవడం. అక్కడ నాకు ఎక్కువ కాలం పట్టలేదు.

నాలుగో స్టెప్‌కే నెలలు పట్టింది. ధైర్యంగా, దాచకుండా మన లెక్క మనం రాసుకోవాలి. పిన్నిగారు నా చేత లాంగ్ నోట్‌బుక్ కొనిపించి, స్కేలుతో నాలుగు గళ్లు గీయించారు. మొదటి గడిలో ఎవరి మీద కోపం. రెండోదానిలో ఏం జరిగింది. మూడోదానిలో అది నాలో దేన్ని తాకింది: పరువా, డబ్బా, భయమా, మమకారమా. నాలుగోదానిలో ఇందులో నా వంతు ఏమిటి. మొదటి మూడు గళ్లు గబగబా నిండాయి. తోడికోడలి పేరు ఎదురుగా నాలుగో గడి చాలా రోజులు ఖాళీగానే ఉంది. “నేనేం చేశాను పిన్నిగారూ, చాకిరీ చేసింది నేనేగా” అన్నాను. ఆవిడ వాదించలేదు. “ఆ చాకిరీ ఎవరెవరికి చెప్పావో రాయి” అన్నారు. రాయడం మొదలుపెడితే పేజీ దాటింది. స్త్రీల సమాజంలో “మా ఇంటి సమాధానం కోసం ప్రార్థించండి” అంటూ చెప్పిన ప్రతిచోటా గాజుల కథ కూడా చెప్పాను. ప్రేయర్ రిక్వెస్ట్ పేరుతో మనుషుల గుట్టు ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి పోవడం మన సంఘాల్లో చాలా పెద్ద గాయం. అది ఆగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఐదో స్టెప్‌లో అది దేవుడి ముందు, మన ముందు, ఇంకో మనిషి ముందు చదవాలి. ఆ మూడోదే మనకు మింగుడుపడదు. దేవుడితో చెప్పుకున్నాం కదా, మనిషితో ఎందుకు, అది కేథలిక్కుల పద్ధతి కదా అంటారు. “మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి” అని యాకోబు రాసింది అందరి కోసమూ. పైగా లూథర్ ఏకాంతంగా ఒప్పుకోవడాన్ని తీసేయలేదు. కన్ఫర్మేషన్ క్లాసులో నేర్చుకున్న చిన్న కాటికిజంలోనే, ఆయన రాసిన ఆ ప్రశ్నోత్తరాల పుస్తకంలోనే, అది ఉంది. నువ్వు తండ్రివా, తల్లివా, కొడుకువా, పనివాడివా, నీ స్థితిని పది ఆజ్ఞల వెలుగులో చూసుకో, ఎవరినైనా మాటతో గానీ చేతతో గానీ బాధపెట్టావా అని అడుగుతాడు. అది పరీక్ష కోసం బట్టీ పట్టినదే తప్ప ఎన్నడూ చేసింది కాదు. పిన్నిగారి వంటింట్లో పీట మీద కూర్చుని నోట్‌బుక్ మొత్తం చదివాను. మధ్యలో ఆవిడ ఒక్కసారే మాట్లాడారు: “ఆగకు, చదువు.”

ఆరు, ఏడు స్టెప్స్‌లో ఆ లెక్కలో బయటపడ్డ చెడు గుణాలు వదులుకోవడానికి సిద్ధపడి, వాటిని తీసేయమని దేవుణ్ణి అడగడమే. ఎనిమిదిలో ఎవరెవరిని నొప్పించామో పేర్లు రాసుకోవడం. తొమ్మిదిలో వెళ్లి సరిదిద్దుకోవడం. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని యేసు చెప్పినదే ఇది. జక్కయ్య నాలుగంతలు తిరిగిస్తానన్నాడు, ఊరికే సారీ చెప్పలేదు.

తెనాలిలో ఉంటుంది మా తోడికోడలు. వెళ్లేముందు పిన్నిగారు ఒకటే చెప్పారు, నాలుగో గడిలో ఉన్నది తప్ప ఇంకేమీ మాట్లాడొద్దని. గాజుల మాట ఎత్తకూడదు. “నువ్వూ అలా చేశావు కదా” అనకూడదు. వరండాలో కూర్చుని, “అక్కా, అత్తగారి విషయంలో నీ గురించి బయట చాలా మాట్లాడాను. నీ పేరు చెడ్డ చేశాను. ఎవరి దగ్గర చెప్పానో వాళ్ల దగ్గరికి వెళ్లి సరిచేస్తాను” అన్నాను. ఆమె చాలాసేపు చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది. తర్వాత “నాకు తెలుసులే” అంది. “కాఫీ పెడతాను, కూర్చో” అంది. అంతే. కౌగిలింతలు లేవు. బస్సులో తిరిగి వస్తుంటే, ఆమె ఇంకేమైనా అని ఉంటే బాగుండేదని మనసు పీకింది. కానీ నేను వెళ్లింది ఆమె జవాబు కోసం కాదు కదా. మాట ఇచ్చినట్టే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పాను.

వెళ్లకూడని చోటు కూడా ఒకటి ఉంది. సంఘంలో ఒక అమ్మాయి కాపురం గొడవను నేను “ప్రార్థన చేయండి” అంటూ బయటపెట్టాను. ఆ సంగతి ఆమెకు తెలియదు. వెళ్లి ఒప్పుకుంటానంటే పిన్నిగారు ఆపారు. “నీ మనసు తేలిక చేసుకోవడానికి ఆ పిల్ల మనసు బరువు చేస్తావా?” అన్నారు. తొమ్మిదో స్టెప్‌లోనే ఆ షరతు ఉంది, అవతలివాళ్లకు గానీ ఇంకొకరికి గానీ హాని జరిగేటట్టయితే వద్దని. విన్నవాళ్లతో మాత్రం మాట్లాడి, ఆ మాట అక్కడితో ఆపమని బతిమాలాను.

ఇప్పుడు రోజూ మిగిలింది పదో స్టెప్. రాత్రి పడుకునే ముందు ఆ రోజు లెక్క చూసుకోవడం, తప్పుంటే మర్నాటికి వాయిదా వేయకపోవడం. దానితోపాటు వాళ్ల దగ్గర నేర్చుకున్న ఇంకొకటి నాకు ఎంతో మేలు చేసింది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏదైనా ముదిరితే తాగేవాడు మళ్లీ తాగుతాడట. అందుకే ముందు వాటిని చూసుకోమంటారు. నాకు ప్రమాదం సాయంత్రం ఆరింటికి, స్కూలు నుంచి వచ్చి ఏమీ తినకుండా వంట మొదలుపెట్టే వేళ. నోరు జారేది ఎప్పుడూ అప్పుడే. ఇప్పుడు వచ్చిన వెంటనే ఏదైనా తిని, పది నిమిషాలు కూర్చుంటాను. ఇది భక్తి ఎలా అవుతుంది అనుకునేవాళ్లు ఏలీయాను గుర్తు చేసుకోండి. బదరీ వృక్షం కింద పడుకుని చచ్చిపోతానన్న ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు. లేచి తినమన్నాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ తినమన్నాడు.

మీటింగుల్లో తరచూ వినిపించే “ఈ ఒక్కరోజు” అనే మాట కూడా మనదే. మన్నా ఏనాటిది ఆనాడే ఏరుకోవాలి. ప్రభువు నేర్పిన ప్రార్థనలో అడిగేది అనుదినాహారమే. జీవితాంతం తోడికోడల్ని ప్రేమిస్తానని నేనిప్పుడు మొక్కుకోను. ఈ రోజు ఆమె గురించి చెడు మాట్లాడకుండా కాపాడమంటాను.

ఇదంతా క్రియల వల్ల రక్షణ కాదా అని మా పాస్టరుగారిని అడిగాను. “అశక్తురాలినని ఒప్పుకోవడంతో మొదలయ్యేది క్రియ ఎలా అవుతుందమ్మా, కృపకు తలుపు తీయడం అవుతుంది గానీ” అన్నారు. స్టెప్స్‌లో యేసు పేరు లేదు, మనం ఎలా గ్రహిస్తే ఆ దేవుడు అని మాత్రమే ఉంది. నా వరకు ఆయన పేరు లేకుండా ఒక్క స్టెప్ కూడా వేయలేకపోయేదాన్ని. మీటింగులో మాత్రం ఆ పేరుతో ఎవరినీ ఇరుకున పెట్టను, అది అక్కడి మర్యాద.

ఈ మధ్య స్త్రీల సమాజం నుంచి ఇద్దరు అడిగి నాతో కూర్చోవడం మొదలుపెట్టారు. గురువారం, మా ఇంట్లో. వేరేవాళ్ల పేరు ఎత్తకూడదు. ఒకరు చెబుతుంటే మధ్యలో సలహా గానీ వాక్యం గానీ అందించకూడదు. “ఒకప్పుడు” అని మొదలుపెట్టకూడదు, ఈ వారం సంగతే చెప్పాలి. విన్నది ఆ గదిలోనే ఉండాలి, భర్తకు కూడా చెప్పకూడదు. చివర్లో ఒకరి కోసం ఒకరు ప్రార్థిస్తాం. ఒకామె ఇంకా రెండో గడి దగ్గరే ఉంది. తొందర లేదని చెప్పాను.