అయిదున్నరకే చీకటి

నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండింటికి అమెరికాలో గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. ఓ గంట ఎక్కువ నిద్ర దొరికిందని అందరూ సంబరపడతారు. నాలాగా షాపులో పని ముగించుకుని బస్సెక్కేవాళ్లకు దాని సంగతి సోమవారం సాయంత్రం గానీ తెలియదు.

షికాగో శివార్లలో ఒక మందుల షాపులో పని నాది. అయిదున్నరకు డ్యూటీ దిగేదాన్ని. శుక్రవారం ఆ వేళకు ఇంకా వెలుగుంటుంది. సోమవారం పొద్దు 4:40కే కుంకుతుంది, అయిదున్నరకు కటిక చీకటి. డ్యూటీ అదే, బస్సు టైమూ అదే. పార్కింగ్ లాట్ వెనక గోడ వారగా బస్టాపుకు నడవాలంటే మాత్రం చేతిలో తాళాలు బిగించి పట్టుకోవాల్సిందే.

"గడియారం తిప్పితే పొద్దు మారుతుందా, వీళ్ల పిచ్చి కాకపోతే!" అంటుంది మా అమ్మ, ఇండియాలో తనకు నా ఫోన్ ఓ గంట ఆలస్యంగా వచ్చిందని విసుక్కుంటూ. పొద్దు మారదు నిజమే. జనం రోడ్డు మీదుండే వేళ మారుతుంది.

ఈ భయం నా ఒక్కదానిదే కాదు. 2007లో అమెరికా డేలైట్ సేవింగ్ (వేసవి కోసం గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి) మొదలయ్యే రోజును ఏప్రిల్ నుంచి మార్చి రెండో ఆదివారానికి జరిపింది. దాన్ని ఆసరా చేసుకుని జెనిఫర్ డోలియాక్, నికొలస్ శాండర్స్ అనే ఆర్థికవేత్తలు నేరాల రికార్డులు తిరగేశారు. గడియారం ముందుకు జరిపాక దారి దోపిడీలు రోజు మొత్తం మీద 7 శాతం తగ్గాయట. కొత్తగా వెలుగొచ్చిన ఆ సాయంత్రం గంటలో అయితే ఏకంగా 27 శాతం. పోనీ చీకటి పడ్డ పొద్దుటి పూట ఆ మేరకు పెరిగాయా అంటే, అదీ లేదు. పెందలాడే లేచే అలవాటు దొంగలకు లేదన్నమాట! వెలుగులో మొహం గుర్తుపడతారు, దూరం నుంచి ఎవరో ఒకరు చూస్తారు. పైగా సాయంత్రం అయిదూ ఆరూ అంటే ఆఫీసులు, షాపులు వదిలే వేళ, పర్సుతో ఒంటరిగా నడిచేవాళ్లు ఎక్కువ.

కొట్లాటల లెక్క మాత్రం నాకు మొదట అర్థం కాలేదు. వేరే పరిశోధకులు షికాగోతో సహా నాలుగు పెద్ద నగరాల లెక్కలు తీస్తే, మార్చిలో గంట నిద్ర తగ్గిన మర్నాడు, సోమవారం, దాడులు 2.9 శాతం తగ్గాయి. నవంబరులో గంట ఎక్కువ పడుకున్నాక 2.8 శాతం పెరిగాయి. నిద్ర చాలకపోతే చిరాకు పెరగాలి కదా? చిరాకు పెరుగుతుందేమో గానీ, లేచి చెయ్యి చేసుకునే ఓపిక ఉండదని ఆ పరిశోధకుల ఊహ. మా కౌంటర్ దగ్గర మార్చి సోమవారాలు గుర్తు చేసుకుంటే నమ్మబుద్ధేస్తుంది. ఇన్సూరెన్స్ వాళ్లు మందుకు డబ్బు కట్టలేదని అరిచేవాళ్లు కూడా ఆ రోజు ఆవులిస్తూ అరుస్తారు.

అలాంటప్పుడు ఏడాది పొడవునా వేసవి టైమే ఉంచేయొచ్చుగా అనిపిస్తుంది. 2022లో సెనేట్ సరేనంది, కింది సభలో బిల్లు ఆగిపోయింది. 1974 జనవరిలో నిజంగానే అలా చేసి చూశారు. పిల్లలు చీకట్లో స్కూలు బస్సుల కోసం నిలబడాల్సి వచ్చి గొడవైంది, ఆ ఏడాదే చలికాలానికి పాత పద్ధతి తెచ్చేశారు. ఇప్పుడు చేస్తే షికాగోలో జనవరిలో ఎనిమిది దాటాక గానీ తెల్లవారదు. మా అమ్మాయి బస్సు ఏడున్నరకు. ఓటేయమంటే నా సాయంత్రానికి వేయాలో, దాని పొద్దుటికి వేయాలో తేల్చుకోలేను.

వాషింగ్టన్ ఎప్పటికి తేలుస్తుందో గానీ, మేం డ్యూటీ చార్టు మార్పించుకున్నాం. నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆవిడా నేనూ వెళ్లి మేనేజరును అడిగాం, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మమ్మల్ని పొద్దుటి షిఫ్టులో వేయమని. కార్లున్న కుర్రాళ్లకు పొద్దున్నే లేవడమంటే చావు, కాబట్టి పేచీ రాలేదు. ఇప్పుడు నాలుగింటికి దిగి 4:10 బస్సు పట్టుకుంటున్నాం.