చిల్లు నాణెం, సర్ జూలియస్ లెక్కలు

మంగళవారం. పొద్దుటి నుంచీ ముసురు. కొట్లో బేరాల్లేవు. సిమెంటు లారీ మధ్యాహ్నానికి వస్తుందన్నారు, రాలేదు. పక్క ఫ్యాన్సీ షాపాయన టీ తాగడానికి వచ్చి మున్సిపల్ ఎన్నికల కబుర్లు మొదలుపెట్టాడు. ఈసారి మన వార్డుకి ఎవరైనా వ్యాపారస్తుణ్ణి నిలబెట్టాలట. "లెక్క తెలిసినవాడు దుబారా చెయ్యడండీ, పైగా తినాల్సిన అవసరం ఉండదు" అన్నాడు. ఈ రెండో మాట నేను ఎన్నడూ నమ్మలేదు. చూద్దాంలెండి అని ఊరుకున్నాను.

ఆయన వెళ్లాక జీఎస్టీ బిల్లులు ముందేసుకోవాల్సింది. నాణేల డబ్బా తీశాను. చేతికి తగిలింది ఆస్ట్రేలియాకి ఉత్తరాన ఉన్న దీవుల దేశం పాపువా న్యూ గినీ వాళ్ల పాత ఒక కినా నాణెం (కినా అక్కడి డబ్బు). పెద్ద బిళ్ల, మధ్యలో చిల్లు, చిల్లుకి రెండు పక్కలా మొసళ్లు. మన చిల్లికాణీ పక్కన పెట్టి కాసేపు చూసుకున్నాను. ఈ కినా 1975 ఏప్రిల్ 19న చలామణీలోకి వచ్చింది. అంతదాకా అక్కడ ఆస్ట్రేలియా డాలరే నడిచేది. స్వాతంత్ర్యం ఇంకా రాలేదు, అది సెప్టెంబరు 16న. దేశం కంటే ముందు డబ్బు పుట్టిందన్నమాట. అప్పటి ఆర్థిక మంత్రి జూలియస్ చాన్, అసలు సిసలు వ్యాపారస్తుడు. పక్క షాపాయనకి చెప్పాల్సిన మనిషి ఇతనే, కానీ అప్పుడు గుర్తుకు రాలేదు.

చాన్ పుట్టింది 1939లో, ఆ దేశంలోని న్యూ ఐర్లాండ్ దీవి పక్కనున్న చిన్న టాంగా దీవుల్లో. (టోంగా దేశం వేరు.) తండ్రి చైనా నుంచి వచ్చిన వర్తకుడు, తల్లి స్థానికురాలు. బ్రిస్బేన్‌లో చదువుకుని, సహకార శాఖలో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, తర్వాత తీరం వెంబడి సరుకు ఓడలు నడిపే వ్యాపారంలో దిగాడు. దీవుల దేశంలో ఓడలు నడిపినవాడికి ఎక్కడ ఏ సరుకు ఏ ధరకి దొరుకుతుందో ఇంకొకరు చెప్పక్కర్లేదు. 1968లో న్యూ ఐర్లాండ్‌లోని నమటనాయ్ నియోజకవర్గం నుంచి శాసనసభకి గెలిచాడు. 1970లో పీపుల్స్ ప్రోగ్రెస్ పార్టీ పెట్టాడు. 1972లో మైకేల్ సోమారేతో (తర్వాత దేశానికి మొదటి ప్రధాని ఈయనే) పొత్తు, ఆర్థిక శాఖ.

మంత్రిగా అతను పట్టుకు కూర్చున్నది ఒకే మాట: కినా విలువ తగ్గకూడదు. వాడుకునే సరుకుల్లో చాలా భాగం బయటి నుంచి దిగుమతయ్యే దేశంలో డబ్బు విలువ పడితే కొట్లో ప్రతి వస్తువు ధరా పెరుగుతుంది. అది మామూలు కొట్టువాడి లెక్కే, నాకు బాగానే అర్థమవుతుంది. తర్వాత సోమారేతో చెడింది. 1980 మార్చిలో అవిశ్వాస తీర్మానంతో అతన్నే దించి ప్రధాని అయ్యాడు. ఆ ఏడాదే, అప్పుడే స్వతంత్రమైన దీవుల దేశం వనువాటులో ఒక దీవి విడిపోతానంటే సైన్యాన్ని పంపి ఆ తిరుగుబాటు అణిచాడు. పని తొందరగా అయింది, పేరొచ్చింది. ఆ పేరే తర్వాత కొంప ముంచిందేమోనని నాకొక అనుమానం.

1994లో రెండోసారి ప్రధాని అయ్యేసరికి ఖజానాలో విదేశీ మారకం ఖాళీ. దేశం నుంచి విడిపోతానంటున్న బూగన్‌విల్ దీవిలోని పంగునా రాగి గని అక్కడి తిరుగుబాటు వల్ల 1989లోనే మూతపడింది, ఎగుమతుల్లో పెద్ద వాటా పోయింది. ఏ కినా విలువ తగ్గకూడదని కూర్చున్నాడో, అదే కినా విలువని ఆ అక్టోబరులో మార్కెట్టే తేల్చుకునేట్టు వదిలేయాల్సి వచ్చింది. ఆ సంతకం పెట్టే రోజు అతని మొహం ఎలా ఉందో చూడాలనిపిస్తుంది.

ఇక 1997. బూగన్‌విల్‌లో తిరుగుబాటుదారుల మీద తన సైన్యం ఏళ్ల తరబడి గెలవలేకపోతోంది. చాన్ దీన్ని కాంట్రాక్టుకి ఇచ్చేశాడు. లండన్‌లోని సాండ్‌లైన్ అనే కంపెనీతో 3.6 కోట్ల అమెరికా డాలర్లకి ఒప్పందం, సగం అడ్వాన్సు. కిరాయి సైనికులు, హెలికాప్టర్లు, ఆయుధాలు అన్నీ కలిపి ఒకే బిల్లు. మోటారు చెడితే బయటి మెకానిక్‌ని పిలిచినట్టు పిలిచాడు. ఇంట్లోవాళ్ల సంగతి ఆలోచించలేదు. జీతాలూ బూట్లూ సరిగ్గా లేని తన సైనికులకి, పరాయివాళ్లకి అంత డబ్బు పోస్తున్నారని తెలిస్తే ఊరుకుంటారా? మార్చి 17న సేనాధిపతి జెర్రీ సింగిరోక్ ఆ కిరాయి మూకని పట్టుకుని, ప్రధానినే రాజీనామా చెయ్యమన్నాడు. చాన్ అతన్ని ఉద్యోగంలోంచి తీసేశాడు. సైనికులూ విద్యార్థులూ పార్లమెంటు చుట్టూ చేరారు. సభలో ఓటింగ్ గెలిచి కూడా, మర్నాడు పక్కకి తప్పుకున్నాడు. విచారణ కమిషన్ తప్పు లేదంది, తిరిగి కుర్చీలోకి వచ్చాడు. జూన్ ఎన్నికల్లో సొంత నమటనాయే ఓడించింది. కిరాయి సైనికుల్ని వెనక్కి పంపేసినా బాకీ పోలేదు. మిగతా సగానికి సాండ్‌లైన్ ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తుల తీర్పుకి) వెళ్లి గెలిచింది. అడ్వాన్సులు ఇచ్చే ప్రతివాడూ ఈ ముక్క చదవాలి.

అక్కడితో అయిపోయిందనుకుంటాం. పదేళ్లు ఖాళీగా ఉండి, 2007లో న్యూ ఐర్లాండ్ గవర్నరుగా గెలిచాడు. 2025 జనవరిలో, 85 ఏళ్ల వయసులో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. నాకు ఎక్కువ నచ్చింది ఈ చివరి భాగమే. తన ప్రావిన్సులోని ముసలివాళ్లకీ వికలాంగులకీ పింఛను పెట్టాడు. మనకైతే ఒకటో తారీఖు పింఛను అంటే ఊరంతా తెలిసిన సంగతే గానీ, అక్కడ అది కొత్త. లిహిర్ బంగారు గని ఉన్నది అతని ప్రావిన్సులోనే. మట్టిలోంచి తీసిన బంగారంలో మా వాటా మాకెంత అని రాజధానితో కొట్లాడుతూనే ఉన్నాడు.

ఆ కొట్లాట ఎక్కడిదాకా పోయిందంటే, న్యూ ఐర్లాండ్‌కి స్వయంప్రతిపత్తి కావాలని అడిగేదాకా. బూగన్‌విల్ అడిగినప్పుడు దాన్ని ఆపడానికి కిరాయి సైన్యాన్ని తెప్పించిన మనిషే! 2019 ప్రజాభిప్రాయ సేకరణలో బూగన్‌విల్ వాళ్లు దాదాపు 98 శాతం విడిపోతామనే ఓటేశారు. గని మీది వాళ్ల కోపం 1997లో చాన్‌కి అర్థమైందో లేదో గానీ, లిహిర్ లెక్కలు తన చేతికొచ్చాక మాత్రం బాగానే అర్థమై ఉంటుంది.