ధాన్యం కాటా దగ్గర ఎస్‌క్యూలైట్: నా అనుభవం

పాలకొల్లు సమీపంలోని ఒక బియ్యం మిల్లుకు నేను సి భాషలో రాసి ఇచ్చిన కాటా ప్రోగ్రాములో నమోదులు దాచడానికి ఎస్‌క్యూలైట్ (SQLite) అనే డేటాబేస్ వాడాను. దానికి వేరే సర్వర్ అక్కరలేదు, డేటాబేస్ అంతా ఒకే ఫైలులో ఇమిడిపోతుంది కనుక మిల్లులోని పాత కంప్యూటరుకు అంతకంటే అనువైనది నాకు తోచలేదు. రెండు పంటలకు చిక్కు లేకుండా నడిచింది. దాళ్వా కోతలు ముమ్మరంగా సాగుతున్న ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కాటా గుమాస్తా ఫోన్ చేసి, "డేటాబేస్ లాక్ అయ్యిందని చూపిస్తోందండి, చీటీ రావట్లేదు, ట్రాక్టర్లు కాలవగట్టు దాకా ఆగిపోయాయండి" అన్నారు.

వెళ్లి అరగంట ఆయన పక్కనే కూర్చుని చూశాను. అదే కంప్యూటరులో బిల్లుల ప్రోగ్రాము కూడా నడుస్తుంది. అందులో ఆ రోజు నివేదిక తెరిచి ఉంచినప్పుడే కాటా ఆగుతోంది. నివేదిక వరుసలను నేను యాభై చొప్పున తెప్పిస్తూ, మిగిలినవి అడిగేదాకా క్వెరీని (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను) ముగించకుండా వదిలేశాను. ఎస్‌క్యూలైట్ మామూలు జర్నల్ పద్ధతిలో (మార్చే ముందు పాత డేటాను పక్క ఫైలులో దాచుకునే పద్ధతి) ఒకరు చదువుతుండగా మరొకరు రాసింది కమిట్ కాదు, అంటే ఖాయం కాదు. పైగా, అడగనిదే అది ఒక్క క్షణం కూడా వేచి ఉండదు. బిజీ టైమవుట్, అంటే లాక్ వదిలేదాకా వేచి ఉండే గడువు, ఐదు సెకన్లు పెట్టాను. అదే లోపం ఐదు సెకన్లు ఆలస్యంగా వచ్చింది.

అప్పుడు జర్నల్ మోడ్‌ను వాల్ (WAL) అనే పద్ధతికి మార్చాను. 2010లో 3.7.0 వెర్షన్‌తో వచ్చిన ఈ పద్ధతిలో కొత్త మార్పులు ముందు పక్క ఫైలులో పడతాయి కనుక చదివేవారు, రాసేవారు ఒకరికొకరు అడ్డుపడరు. ఈ అమరిక ఒకసారి చేస్తే ఫైలులోనే నిలిచిపోతుంది గాని, బిజీ టైమవుట్‌ను, ఫారిన్ కీల (పట్టికల మధ్య సంబంధాల) తనిఖీని మాత్రం కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ చెప్పాలి. ఫైలును నెట్‌వర్కు ఫోల్డరులో పెట్టి పై గది నుంచి కూడా చూసేలా చేయమని యజమాని గారు అడిగారు. వాల్‌లో ప్రోగ్రాములన్నీ ఒకే యంత్రంలో ఉండి కొంత మెమరీని పంచుకోవాలి కాబట్టి అది కుదరదని చెప్పాను.

అయినా రోజుకు ఒకటి రెండుసార్లు అదే లోపం, ఈసారి ఏమాత్రం ఆగకుండా వెంటనే వచ్చేది. ఇదే నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది. ధాన్యం దించి ఖాళీ ట్రాక్టరు కాటా ఎక్కగానే నా ప్రోగ్రాము ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి ఒకే పనిగా జరిగే చదవడం, రాయడం) మొదలుపెట్టి, ఉదయం తూచిన లోడు బరువును చదివి, కాటా అంకె నిలకడ పడేదాకా రెండు మూడు సెకన్లు ఆగి, నికర బరువు రాసేది. సరిగ్గా ఆ వ్యవధిలో బిల్లుల ప్రోగ్రాము తేమ కోత లెక్కను రాస్తే, కాటా ప్రోగ్రాము చేతిలో ఉన్న చిత్రం, అంటే అది చదివినప్పటి డేటా స్థితి, పాతబడిపోతుంది. పాత చిత్రం మీద రాయడానికి ఎస్‌క్యూలైట్ ఒప్పుకోదు, ఎంతసేపు ఆగినా అది కొత్తది కాదు కనుక టైమవుట్‌ను పట్టించుకోదు. అంకె నిలకడ పడ్డాకే ట్రాన్సాక్షన్ మొదలయ్యేలా, దాన్ని బిగిన్ ఇమ్మీడియట్ ఆదేశంతో ప్రారంభించేలా మార్చాను. రాసే హక్కు మొదటే దక్కుతుంది, దక్కకపోతే టైమవుట్ ప్రకారం వేచి ఉంటుంది. ఆ తరువాత ఆ లోపం మళ్లీ రాలేదు.

రాసింది డిస్కుకు చేరేదాకా ఎంత కచ్చితంగా ఆగాలో చెప్పే సింక్రనస్ అమరికను ఫుల్ నుంచి నార్మల్‌కు తగ్గిస్తే వేగం పెరిగేది. కానీ వాల్‌లో అలా చేస్తే హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు ఫైలు చెడకపోయినా చివరి కమిట్లు పోవచ్చు. ఆ ఒక్క నమోదు ఒక రైతు పంట డబ్బు. ఫుల్‌లోనే ఉంచాను.

వారం తరువాత ఇంకొకటి బయటపడింది. రాత్రి పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్న నకలును నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఆ సాయంత్రపు చీటీలు లేవు. గుమాస్తా ప్రోగ్రాములు మూయకుండానే ప్రధాన ఫైలును మాత్రమే కాపీ చేస్తున్నారు, చివరి నమోదులు పక్కనున్న వాల్ ఫైలులో ఉన్నాయి. తెరిచి ఉంచిన నివేదిక చెక్‌పాయింట్‌ను (వాల్ ఫైలులోని మార్పులను ప్రధాన ఫైలులోకి చేర్చే పనిని) పూర్తి కానివ్వక ఆ ఫైలు ప్రధాన ఫైలును మించి పెరిగింది కూడా. నివేదిక వరుసలన్నీ ఒకేసారి చదివి క్వెరీని ముగించేలా సవరించి, నకలు తీయడానికి, డేటాబేస్ మొత్తాన్ని కొత్త ఫైలులోకి రాసే వాక్యూమ్ ఇంటూ ఆదేశంతో ఒక బటన్ పెట్టాను. ఆ రాత్రి పెన్‌డ్రైవ్‌లోని చివరి చీటీ నంబరును, కాటా గదిలో మేకుకు గుచ్చిన చివరి చీటీ నంబరును గుమాస్తా గారే చదివి సరిచూశారు. రెండూ ఒకటే.