జీను మార్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది

కొత్త జీను ఈ వారమే వచ్చింది. పొట్ట కింద పట్టీ బిగిస్తే కరవడానికొచ్చే మా మార్వారీ గుర్రం ఇప్పుడు గమ్మున నిలబడతా ఉంది. తిరుపతిలో గుర్రముందంటే పెళ్ళికి అద్దెకిస్తావా అని అడిగేవాళ్ళే గానీ, దాని వీపు గురించి చెప్పేవాళ్ళు దొరకరు.

వెటర్నరీ యూనివర్సిటీ ఆస్పత్రిలో పని తొందరగానే అయిపోయింది. డాక్టరు వెన్నుకు రెండు పక్కలా నొక్కుకుంటా వచ్చినారు. మూపు వెనక నొక్కగానే గుర్రం కుంగింది. "రోగం లేదు, జీను చూపించుకోండి" అన్నారు.

ఎవరికి చూపించాల? పాత జీను అమ్మినాయనకే. ఆయన షెడ్డు కాడికి గుర్రాన్ని తోలుకుపోతే, నలుగురి ముందర నన్ను ఎక్కించి, "చూడండప్పా, ఈయప్ప కాళ్ళు ముందరికి చాపి, బరువంతా నడుం మీద ఏసినాడు. గుర్రం కరవక ముద్దు పెట్టుకుంటాదా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వినారు. పైగా జీను కింద ఇంకో దుప్పటి వేసుకోమని సలహా! ఇరుకు జాకెట్టు లోపల స్వెటర్ తొడుక్కోమన్నట్టు.

చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీతలో ఉండాలనేది నాకు తెలీదా? జీను లోపలి చట్రం ఇరుకు, మా గుర్రం మూపు వెడల్పు. ముందు భాగం పైకి లేచి, వెనక భాగం వాలిపోతే ఎవరెక్కినా వెనక్కే జారతారు. చివరి పక్కటెముక దాటిన చోట బరువు మోసే ఆసరా గుర్రానికి ఉండదు. "మీ అబ్బాయిని ఎక్కించు" అన్నా. ఎక్కినాడు. వాడి కాళ్ళూ ముందరికే పోయినాయి! అప్పుడు ఒక్కడూ నవ్వలా. డబ్బులు మాత్రం ఆయన వెనక్కివ్వలా.

పోలీసు గుర్రాల కాడ పనిచేసి రిటైరైన అన్న ఒకాయన మెత్తటి తీగను వీపు మీద మూడు చోట్ల వంచి, ఆ వంపులు అట్ట మీద గీసిచ్చినాడు. అవి కాన్పూరు పంపితే కొలతకు తగ్గట్టు కుట్టినారు.

కొనేముందు దుప్పటి లేకుండా జీను పెట్టి చూడండి. మనిషి ఎక్కినాక కూడా ముందు వంపుకీ మూపుకీ మధ్య రెండు మూడు వేళ్ళు దూరాల. స్వారీ అయినాక చెమట చూడండి. చుట్టూ తడిగా ఉండి ఒకచోట మాత్రం పొడిగా ఉంటే అక్కడ నొక్కుతా ఉండొచ్చు. నొక్కినచోట తెల్ల వెంట్రుకలు మొలిచేదాకా ఆగొద్దు. దుప్పటి వేసుకోమనే అంగడి మెట్లెక్కొద్దు.

పాత జీను ఇంట్లోనే ఉంది. సన్న మూపు గుర్రానికి బాగానే సరిపోతాది. సగం ధరకిస్తా, గుర్రాన్ని తోలుకొచ్చి పెట్టి చూసుకోండి.