ఖాళీ సమాధి దగ్గర ఒక కోర్టు గుమస్తా

ఇరవై తొమ్మిదేళ్లు కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు టైపు చేసిన చేతులివి, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? యెరూషలేము వెళ్లినా అంతే. మావాళ్లందరూ మోకాళ్లూని కన్నీళ్లు పెట్టుకుంటుంటే నేను మాత్రం యేసు తిరిగి లేచాడన్న సంగతిలో ఖాళీ సమాధిని ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, అప్పటికి తెల్లారిందా లేదా అని లెక్కలేసుకుంటూ నిలబడ్డాను. మా ఆవిడ పసిగట్టి, "ఇక్కడ కూడా క్రాస్ ఎగ్జామినేషనేనా అండీ" అంది.

అది 2019 ఫిబ్రవరి. మా సంఘం నుంచి ముప్పై ఎనిమిది మందిమి, అమ్మాన్‌లో దిగి, బస్సులో బోర్డర్ దాటి బేత్లెహేములో బస చేశాం. బోర్డర్‌లో పడిగాపులు, హోటల్లో చప్పిడి కూరలు, ఇవన్నీ వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ చెప్పేవే, వదిలేస్తున్నా.

ముందు వెళ్లింది పాత ఊళ్లో, యేసును సమాధి చేసిన చోటని చెప్పే పవిత్ర సమాధి దేవాలయానికి. కాన్‌స్టంటైన్ చక్రవర్తి కట్టించగా 335లో ప్రతిష్ఠ జరిగింది, 1009లో ఖలీఫా అల్ హాకిం పడగొట్టించాడు, మళ్లీ కట్టారు. లోపల సమాధి మీద చిన్న గుడిలాంటి కట్టడం ఉంటుంది. 2016లో దాని మరమ్మతు చేస్తూ పైనున్న పాలరాతి పలక జరిపితే కింద ఇంకో పలక, దాని కింద సున్నపురాతి అరుగు కనిపించాయి. కింది పలకను అతికిన గచ్చును పరీక్షిస్తే 345 ప్రాంతానిదని తేలింది. అంటే నాలుగో శతాబ్దం వాళ్లు ఇదే చోటు అనుకున్నారని రుజువు, అంతే, అంతకు మించి గచ్చు సాక్ష్యం చెప్పదు. నాకు ఎక్కువ నచ్చింది ఆ వెనకాల సిరియన్ క్రైస్తవుల చీకటి గది. గోడలో తొలిచిన పాత యూదు సమాధులు అక్కడ ఇంకా ఉన్నాయి, కాబట్టి ఆ కాలంలో ఇది శ్మశానమే. అక్కడ మా గుంపులో పెద్దగా ఎవరూ ఆగలేదు.

క్యూలో గంటన్నర, లోపల అర నిమిషం. ఒక సన్యాసి తల లోపలికి పెట్టి పదండి పదండి అని తోలేశాడు. ఆ రాత్రి హోటల్లో మా అక్కకి ఫోన్‌లో "ముగ్గురం లోపలికెళ్లాం, పలక ఎడమవైపు ఉంది" అని చెప్తున్నా, మా ఆవిడ ఫోన్ లాక్కుని "నలుగురం వదినా, పలక కుడివైపు" అంది. పలక విషయంలో ఆవిడే రైటు. చూసి పది గంటలు కూడా కాలేదు.

అందుకే సువార్తల్లో తేడాలు నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టవు. సమాధికి వెళ్లింది మత్తయిలో ఇద్దరు స్త్రీలు, మార్కులో ముగ్గురు, లూకాలో ఇంకొందరు, యోహానులో మగ్దలేనే మరియ ఒక్కతే. కానీ ఆవిడ పేతురుతో "ఎక్కడ ఉంచిరో యెరుగము" అంటుంది, ఎరుగను అనదు, కాబట్టి పక్కన ఎవరో ఉన్నారు. ఈ మాట పట్టుకుంది నేను కాదు, మా పాస్టరమ్మగారు.

అయితే తేడాలున్నాయి కాబట్టే నిజం అని మా పాస్టరు అయ్యగారు బస్సు మైకులో చెప్పినప్పుడు మాత్రం నాకు మింగుడుపడలేదు. పాత సీఆర్‌పీసీ 161 సెక్షన్ కింద పోలీసులు సాక్షుల దగ్గర రాసుకునే స్టేట్‌మెంట్లు చూసినవాణ్ణి. మొదటి సాక్షిది దగ్గర పెట్టుకుని పేరు మార్చి మిగతావి దించేస్తారు. మత్తయి, లూకా కూడా మార్కును ముందు పెట్టుకునే రాశారని ఎక్కువమంది పండితులు అంటారు. దించిందైతే నలుగురు సాక్షులని లెక్కపెట్టడానికి వీల్లేదు. పైగా సీనాయి, వాటికన్ అనే పాత చేతిరాత ప్రతుల్లో మార్కు ఆ స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు అన్న దగ్గరే ఆగిపోతుంది, యేసు ప్రత్యక్షమైన ముచ్చటే లేదు.

ఆడవాళ్ల సంగతి వేరు. వాళ్ల సాక్ష్యం తీసుకోకూడదని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు, శిష్యులకే అవి వెఱ్ఱిమాటలుగా అనిపించాయని లూకా ఒప్పుకున్నాడు. కథ అల్లేవాడైతే సమాధి దగ్గర మొదట పేతురును నిలబెట్టేవాడు కదా. దీనికి నేను సగం పైనే మార్కులిస్తాను. పూర్తిగా ఎందుకివ్వనంటే, సుగంధద్రవ్యాలు పట్టుకుని సమాధికి వెళ్లే పని ఆడవాళ్లదే అయితే కథలోనైనా వెళ్లేది వాళ్లే.

మర్నాడు పాత ఊరి దమస్కు గుమ్మం బయట, యేసు సమాధి ఇదేనని కొందరనే తోట సమాధి. మా వాళ్లకి ఇదే నచ్చింది, చెట్లు, నిశ్శబ్దం, అచ్చం మన సమాధుల పండుగనాటి తెల్లవారుజాములా ఉంది. 1883లో బ్రిటిష్ జనరల్ గోర్డన్ వచ్చాక పేరొచ్చిన చోటిది. కానీ ఆ గుహ క్రీస్తుకు పూర్వం ఎనిమిది, ఏడు శతాబ్దాల నాటిదని పురావస్తు శాస్త్రవేత్త గాబ్రియేల్ బార్కై తేల్చాడు, సువార్త చెప్పేదేమో కొత్త సమాధి. ఈ సంగతి రొట్టె, ద్రాక్షరసంతో ప్రభు బల్ల అయ్యాక అయ్యగారి చెవిలో వేస్తే, "తెలుసు బ్రదర్, ప్రార్థన చేసుకోవడానికి బాగుంటుంది" అన్నారు. ఆయన మీద గౌరవం పెరిగింది.

ఆ తోటలో బెంచీ మీద కూర్చుని పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక పదిహేనో అధ్యాయం తీశాను. క్రీ.శ. 50ల మధ్యలో రాసింది, సువార్తలకన్నా ముందుది. ఐదు వందలమందికి పైగా ఒక్కసారే చూశారట, చాలామంది ఇంకా బతికే ఉన్నారట, కానీ పేరు లేదు, ఊరు లేదు. అలాంటి సాక్షులకి సమన్లు ఎలా పంపిస్తాం? స్త్రీల ఊసైతే అసలే లేదు. కానీ చివర్లో "నాకును కనబడెను" అంటాడు పౌలు. తన చేత్తో తనకు కనబడిందని చెప్పుకున్నవాడు నా లెక్కలో ఆయనొక్కడే, అదీ ఒకప్పుడు క్రీస్తు శిష్యుల్ని వేటాడినవాడు.

గలతీయులకు రాసినదాంట్లో ఆయనే ఇంకో మాటంటాడు, యెరూషలేము వచ్చి కేఫా, అంటే పేతురు దగ్గర పదిహేను రోజులున్నానని, ప్రభువు సహోదరుడైన యాకోబును కూడా చూశానని. ఈ ఊళ్లోనే, ఏదో ఇంట్లో. పేతురు అప్పుడేం చెప్పాడో, పౌలు ఏమేం అడిగాడో, పక్కన ఒక గుమస్తా కూర్చుని రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుని ఉంటేనా! అంత ఆలోచనలో ఉండగా కింద బస్సు హారన్ కొట్టింది, మా ఆవిడ ఆలివ్ చెక్క సిలువల సంచీ నా ఒళ్లో పడేసి, "ముప్పై ఎనిమిది మందిలో మీరొక్కరే లేరు, పదండి" అంది. లెక్కపెడితే ఇంకో ఇద్దరు కూడా లేరు.